ఉడాన్ ఎగిరినా డెల్టాకు అందలేదు

తాడేపల్లిగూడెంలోనూ తుని–అన్నవరం ప్రాంతంలోనూ కొత్త విమానాశ్రయాలు నిర్మించాలన్న రాష్ట్ర ప్రభుత్వ ప్రతిపాదనతో గోదావరి డెల్టాలో విమాన సౌకర్యంపై పాత వాదన మళ్లీ మొదలైంది. మాటలన్నీ స్థలం చుట్టూ, భూసేకరణ చుట్టూ తిరుగుతున్నాయి. కట్టాక అక్కడికి ఏ విమానం వస్తుంది, రాజోలు, సఖినేటిపల్లి వైపు నుంచి వచ్చే మనిషి దాని టికెట్టు కొనగలడా అన్న సంగతి వెనకబడిపోతోంది. ఈ చిక్కుముడి ఎక్కడ పడిందో తెలియాలంటే 2017 ఏప్రిల్ 27ను గుర్తు చేసుకోవాలి.

చిన్న పట్టణాలకు తక్కువ చార్జీతో విమానాలు నడిపే సంస్థలకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం ఉడాన్ కింద తొలి విమానాలు ఎగిరింది ఆ రోజే. సిమ్లా–ఢిల్లీ సర్వీసుతో పాటే కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ సర్వీసులనూ ప్రధాని ప్రారంభించారు. కడప విమానం నడిపింది ట్రూజెట్. 2015 జులైలో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన ఆ చిన్న సంస్థ రాజమహేంద్రవరానికి కూడా ఏటీఆర్‌–72లు నడిపేది. సంస్థ ఒకటే, విమానం తీరు ఒకటే, చేరేదీ హైదరాబాదే. అయినా కడపలో ఎక్కేవారికి సగం సీట్లపై గంట ప్రయాణానికి 2,500 రూపాయల గరిష్ఠ చార్జీ వర్తించింది. రాజమహేంద్రవరం విమానాశ్రయం ఉన్న మధురపూడిలో ఎక్కేవారికి మాత్రం గిరాకీని బట్టి పెరిగే ధరే మిగిలింది.

2016 అక్టోబరులో విడుదలైన పథకం నిబంధనలే దీనికి కారణం. విమానాలు అసలే రానివి, లేదా వారానికి ఏడుకు మించి బయలుదేరనివి అయిన విమానాశ్రయాలకే సబ్సిడీ దక్కుతుందని అందులో రాశారు. మధురపూడిలో అంతకంటే ఎక్కువే ఎగురుతుండడంతో ఆ అర్హత పోయింది. రన్‌వే మీద ఎన్ని విమానాలు లేచాయో లెక్కించారు గానీ, ఆ రన్‌వేను చేరడానికి మనుషులు ఎంత దూరం రావాలో లెక్కించలేదు.

అంతర్వేది నుంచి మధురపూడికి రావాలంటే రాజోలు మీదుగా రావులపాలెం చేరి, గౌతమి దాటి, రాజమహేంద్రవరం ఊరంతా దాటుకుని ఉత్తరాన ఉన్న విమానాశ్రయానికి వెళ్లాలి. అందుకే ఆ పక్క జనం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ దాటి, నరసాపురంలో హైదరాబాద్ వెళ్లే రాత్రి రైలు పట్టుకోవడమే మేలనుకుంటారు. ఇంటిపనికి కువైట్‌కో ఒమన్‌కో వెళ్లే కోనసీమ, పశ్చిమ గోదావరి మహిళలు తాడు బిగించిన అట్టపెట్టెలతో ఇలా తెల్లవార్లూ ప్రయాణించి, ఆ తర్వాత శంషాబాద్‌లో గంటల తరబడి పడిగాపులు పడాల్సి వస్తోంది. చవక చార్జీ నిజంగా అవసరమైన ప్రయాణికులు వీరే.

విమానయాన సంస్థల వాదనా ఉంది. అద్దె విమానాలకు డాలర్లలో చెల్లించాలని, డెబ్బై సీట్ల విమానంలో పది ఖాళీగా ఉన్నా నష్టమేనని అవి చెబుతాయి. అది కాదనలేని మాటే. అయితే ఎనభై సీట్ల లోపు విమానాలకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ విమానాశ్రయాల్లో ల్యాండింగ్ చార్జీ మినహాయింపు ఎప్పటినుంచో ఉంది. ఉడాన్ మార్గాల్లో మూడేళ్ల సబ్సిడీ, పోటీ లేని హక్కు కూడా దక్కాయి. అయినా పరిస్థితి ఎలా ఉందో 2023 ఆగస్టులో కాగ్ నివేదిక బయటపెట్టింది. మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లూ నడిచినవి 112 మాత్రమే. వాటిలోనూ ఆ తర్వాత 2023 మార్చి నాటికి కొనసాగుతున్నవి 54. ట్రూజెట్ కూడా 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది.

అంతకు ముందు తరంలోనూ ఇదే జరిగింది. మారుమూల పట్టణాల కోసం 1981లో పుట్టిన వాయుదూత్ సంస్థ రాజమహేంద్రవరానికీ చిన్న విమానాలు నడిపి, నష్టాలతో 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఈలోగా మధురపూడి మరో దారి పట్టింది. 1,749 మీటర్ల రన్‌వేను 3,165 మీటర్లకు పెంచారు, పెద్ద ఎయిర్‌బస్‌లు దిగసాగాయి, 2024 డిసెంబరులో ముంబయికి, ఢిల్లీకి నేరుగా సర్వీసులు వచ్చాయి. వ్యాపారులకు, ఆక్వా ఎగుమతిదారులకు ఇది నిస్సందేహంగా మేలు చేసింది. కానీ విమానాల సంఖ్య పెరిగే కొద్దీ, పాత నిబంధన ప్రకారం సబ్సిడీకి మధురపూడి మరింత దూరమైంది.

2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించిన సవరించిన ఉడాన్ పదేళ్లలో 120 కొత్త గమ్యాలను, నాలుగు కోట్ల మంది ప్రయాణికులను లక్ష్యంగా పెట్టుకుంది. గమ్యాలను ఎంచే కొలత పాతదే అయితే లంకల జనానికి ఒరిగేది ఏమీ ఉండదు. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి రన్‌వే ఉందన్న మాట ఇప్పుడు బలంగా వినిపిస్తోంది. అయితే ఉన్న విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు కొత్తది కట్టాలంటే ప్రత్యేక పరిశీలన జరగాలని 2008 నాటి గ్రీన్‌ఫీల్డ్ విధానం చెబుతోంది. మధురపూడి, గన్నవరం రెండూ తాడేపల్లిగూడేనికి ఆ దూరంలోపే ఉన్నాయి. అందువల్ల ఆ ప్రతిపాదన ఢిల్లీకి వెళ్లినప్పుడు భూమి పత్రాలతో పాటు సఖినేటిపల్లి, రాజోలు, అంతర్వేది వాసులకు రోడ్డు మీద పట్టే గంటల లెక్క కూడా జతచేయాల్సిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదే.