పదివేల ఫోన్లో కోత ఎక్కడ పెట్టారు?

ఫోన్ కొనిచ్చిన పదకొండో నెలలో నాన్న ఊర్నుంచి కాల్ చేసి "ఏరా, ఇది నొక్కితే పలకట్లేదు, కొట్టువాడేమో డబ్బులు పడలేదంటూ నా మొహమే చూస్తున్నాడు" అన్నాడు. కొన్నప్పుడు పెట్టె మీద ఏమేం రాశారో నాకింకా గుర్తే, 50 మెగాపిక్సెల్ కెమెరా, 8 జీబీ ర్యామ్, 120 హెర్ట్జ్ డిస్‌ప్లే, ఆక్టా కోర్ ప్రాసెసర్, తొమ్మిదిన్నర వేలకి ఇంకేం కావాలి అని నేనే మురిసిపోయి మరీ కొన్నా. ఆ ఆదివారం తెనాలి దగ్గర మా ఊరెళ్ళి ఫోన్ చేతిలోకి తీసుకుని చూస్తే పెట్టె మీద రాసినదాంట్లో పచ్చి అబద్ధం ఒక్కటీ లేదు, కానీ ఫోన్‌పే తెరుచుకోవడానికి నేను పదకొండు దాకా లెక్కపెట్టాల్సొచ్చింది.

పదివేల లోపు ఫోన్ బాగుందా లేదా అని అడిగితే సరైన జవాబు రాదు. యాభై వేల ఫోన్లో ఉన్న భాగాలన్నీ ఇందులోనూ ఉండాలి, స్క్రీన్, బ్యాటరీ, చిప్, స్టోరేజ్, కెమెరా, యాంటెన్నాలు, అన్నీ. కంపెనీవాడేమీ ధర్మానికి అమ్మడు కదా, ఎక్కడో కోత పెట్టాలి. జనం అడిగే నంబర్ల జోలికి వాడు పోడు, అడగనిచోట కోస్తాడు. మనం పట్టుకోవాల్సింది ఆ కోత ఎక్కడ పెట్టాడు, అది మన వాడకానికి తగులుతుందా లేదా అన్నదే.

నాన్న ఫోన్లో కోత స్టోరేజ్‌లో పడింది. 64 జీబీ అన్నారు, ఉంది, కానీ అది ఈఎంఎంసీ రకం. స్టోరేజ్ ఎంత అని అందరం అడుగుతాం గానీ ఏ రకం అని ఎవరం అడగం. ఈఎంఎంసీ అంటే మా కాలవ మీద సింగిల్ లేన్ వంతెన లాంటిది, అటువైపు బండి వస్తుంటే ఇటువైపు బండి ఆగాల్సిందే, అంటే ఫోన్ ఏదన్నా రాసుకుంటుంటే ఆ టైములో చదవలేదు. కాస్త ఎక్కువ పెడితే వచ్చే యూఎఫ్‌ఎస్ రకంలో రానూపోనూ వేరు వేరు దారులు. ఈఎంఎంసీ 5.1కి కాగితం మీద గరిష్ఠ వేగం సెకనుకి 400 ఎంబీ, యూఎఫ్‌ఎస్ 2.2కి దాదాపు 1200 ఎంబీ. నిజంగా వాడేటప్పుడు రెండిటికీ అంత రాదులెండి, కానీ తేడా మాత్రం చేతికి తెలుస్తుంది, ముఖ్యంగా వెనకాల వాట్సాప్ ఫోటోలు దింపుకుంటూ ముందు ఇంకో యాప్ తెరవాల్సినప్పుడు.

మరి కొత్తలో బాగానే ఉంది కదా, పదకొండు నెలలకి ఏమైంది అంటే, ఫ్లాష్ మెమరీకి ఒక విచిత్రమైన అలవాటుంది. ఇందులో సమాచారం అంటే బుల్లి బుల్లి గదుల్లో బంధించిన ఎలక్ట్రాన్లే. రాసేటప్పుడు చిన్న చిన్న పేజీలుగా రాయొచ్చు, చెరపాలంటే మాత్రం పేజీ పేజీగా కుదరదు, వందల పేజీలున్న బ్లాకుని మొత్తంగా చెరపాలి. పలక మీద ఒక్క అక్షరం తుడవడం కుదరదు, తుడిస్తే పలకంతా తుడవాలి అనుకోండి, అప్పుడు ఉంచాల్సిన అక్షరాల్ని ముందు ఇంకో ఖాళీ పలక మీదకి ఎక్కించి ఆ తర్వాత దీన్ని తుడవాలి. ఖాళీ పలకలు బోలెడున్నంత కాలం ఈ పని ఎప్పుడు జరుగుతుందో మనకి తెలీదు కూడా. నాన్న ఫోన్లో 64కి 61 జీబీ నిండిపోయింది, ఏముందా అని చూస్తే తులసికోట మీద సూర్యోదయం, వినాయకుడు, గులాబీ పువ్వు మీద నీటిబొట్టు, కింద శుభోదయం, ఇలాంటివి వేలకి వేలు, నాలుగు గ్రూపుల్లో అదే బొమ్మ నాలుగుసార్లు. ఖాళీ పలక దొరక్క కొత్త ముక్క రాయాల్సొచ్చినప్పుడల్లా అక్షరాలు అటూ ఇటూ సర్దుకోవడం, ఒంటి వంతెన మీద అటు బండి ఇటు బండి, ఈలోపు కొట్టువాడు మొహం చూడడం. నేను ముప్పై జీబీ చెరిపేశా, సాయంత్రానికి ఫోన్ సగం బతికింది, నాన్నకి మాత్రం అంత మంచి దేవుడి ఫోటోలు తీసేశానని కోపం వచ్చింది.

ఇక ఆ 8 జీబీ ర్యామ్ సంగతి, ర్యామ్ అంటే తెరిచిన యాప్‌లు పని చేసుకునే చోటు. పెద్ద అక్షరాల పక్కన ఒక చుక్క ఉంటుంది, ఆ చుక్క ఎక్కడికి పోయిందా అని పెట్టె తిప్పి చూస్తే అడుగున చీమ కాళ్ళంత అక్షరాల్లో 4 ప్లస్ 4 అని ఉంటుంది. అందులో అసలు ర్యామ్ 4 జీబీ, మిగతా నాలుగు స్టోరేజ్ నుంచి అరువు తెచ్చుకున్నది, దీనికే వర్చువల్ ర్యామ్ అని పేరు. ర్యామ్ నుంచి ఒక ముక్క తేవడానికి పట్టే టైము నానోసెకన్లలో ఉంటుంది, ఫ్లాష్ నుంచి తేవాలంటే మైక్రోసెకన్లలో, సుమారు వెయ్యి రెట్లు తేడా. పైగా అరువు తెచ్చుకున్నది ఏ స్టోరేజ్ నుంచి? ఆ ఒంటి వంతెన నుంచే. యాప్ పూర్తిగా మూసుకుపోయి మళ్ళీ మొదటినుంచి తెరుచుకోవడం కంటే నయమే, కాదనను, కానీ దాన్ని ర్యామ్ లెక్కలో కలిపి 8 అని రాయడం మాత్రం పక్కింటివాళ్ళ బావి కూడా మాదే అన్నట్టుంటుంది. 4 జీబీ ఫోన్లో స్టోరేజ్ నిండబోతుంటే సెట్టింగ్స్‌లోకెళ్ళి దీన్ని ఆపేయడమే మేలని నా అభిప్రాయం.

ఆక్టా కోర్ అంటే చిప్‌లో లెక్కలు చేసే పనివాళ్ళు, అంటే కోర్లు, ఎనిమిది, అందరూ ఒకే బలం ఉన్నవాళ్ళు కాదు. ఈ ధరలో ఎక్కువగా కనపడే అమరిక రెండు పెద్దవి, ఆరు చిన్నవి. హీలియో జీ85 అనే చిప్‌లో కార్టెక్స్ ఏ75 అనే పెద్ద కోర్లు రెండు, ఆరు ఏ55లు, హీలియో జీ99లో రెండు ఏ76లు, మళ్ళీ అవే ఆరు ఏ55లు. ఈ ఏ55 అనే చిన్న కోర్ డిజైన్ 2017 నాటిది, అది పనుల్ని వచ్చిన వరసలోనే చేస్తుంది. రేషన్ షాపు దగ్గర క్యూ ఊహించుకోండి, ముందున్న ముసలాయన వేలిముద్ర మిషన్ మీద పడట్లేదు, తుడుచుకుని మళ్ళీ పెడతాడు, అయినా పడదు, వెనకాల యాభైమంది సంచులు పట్టుకుని నిలబడే ఉంటారు. చిన్న కోర్ ఇలాగే, మెమరీ నుంచి ఒక ముక్క రావడం ఆలస్యమైతే అక్కడే ఆగిపోతుంది. పెద్ద కోర్ తెలివైన డీలర్ లాంటిది, "నువ్వు కాస్త పక్కకి నిలబడు తాతా, నెక్స్ట్ ఎవరు" అంటాడు, ఆయన వేలు పడేలోపు పదిమందికి బియ్యం కొలిచేస్తాడు. యాప్ తెరిచినప్పుడు చప్పున వచ్చిందా లేదా అన్నది ఎక్కువగా ఆ రెండు పెద్ద కోర్ల చేతిలోనే ఉంటుంది, కాబట్టి ఎన్ని కోర్లు అని కాకుండా ఆ పెద్దవి ఏవి అని చూడాలి. ఇంకోటి, జీ85 12 నానోమీటర్ల పద్ధతిలో చేసింది, జీ99 6 నానోమీటర్లది, ఈ అంకె తగ్గేకొద్దీ చిప్ లోపలి భాగాలు బుల్లివన్నమాట, రెండోది అదే పనికి తక్కువ కరెంటు తాగి తక్కువ వేడెక్కుతుంది. మన మే నెలలో ఇది చిన్న విషయం కాదు, వేడెక్కిన చిప్ తనని తాను కాపాడుకోడానికి వేగం తగ్గించేసుకుంటుంది, లిథియం బ్యాటరీ 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ కూడా తగ్గించడమో ఆపడమో చేస్తారు, అది ఫోన్ చెడిపోయినట్టు కాదు.

కోత అంటే అన్నిసార్లూ చెడ్డదే అనుకోకూడదు. స్క్రీన్ సంగతే చూడండి, 6.7 అంగుళాల ఫోన్లో 1600 బై 720 పిక్సెల్సే ఇచ్చారు, ఫుల్ హెచ్‌డీ కాదు అని రివ్యూల్లో తిడుతుంటారు. లెక్కేస్తే అంగుళానికి 262 పిక్సెళ్ళు వస్తాయి, అంటే ఒక్కో పిక్సెల్ మిల్లీమీటర్లో పదో వంతు. ఒక అడుగు దూరం నుంచి మంచి కన్ను విడదీసి చూడగలిగే హద్దు కూడా దాదాపు అంతే. అరవై దాటిన మా నాన్న ఫోన్ ఇంకా దూరంగా పట్టుకుని, కళ్ళజోడు పైకి తోసి, అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతాడు, ఆయనకి ఈ కోత వల్ల పోయిందేమీ లేదు. పైగా లాభం ఉంది, ఫుల్ హెచ్‌డీ స్క్రీన్‌కి 26 లక్షల పిక్సెల్స్ గీయాలి, దీనికి పదకొండున్నర లక్షలు చాలు, బలహీనమైన చిప్ మీద బరువు సగానికి పైగా తగ్గినట్టే. 120 హెర్ట్జ్, అంటే సెకనుకి 120 సార్లు బొమ్మ మారడం, మాత్రం ఇక్కడ చాలావరకు పెట్టె మీది అలంకారమే, దానికి తగ్గట్టు ప్రతి బొమ్మా 8.3 మిల్లీసెకన్లలో తయారవ్వాలి, చిప్ అంత వేగంగా గీయలేకపోతే పాత బొమ్మే ఇంకోసారి కనపడుతుంది, అదే మనం ల్యాగ్ అనేది. స్క్రీన్‌లో నిజంగా చూడాల్సింది వెలుతురు. ఈ ధరలో ఎల్‌సీడీలు చాలావరకు 400 నుంచి 600 నిట్ల (వెలుతురు కొలత అది) దగ్గర ఆగిపోతాయి, మిట్టమధ్యాహ్నం పొలం గట్టు మీద అందులో కనపడేది మన మొహమే. షాపులో ఏసీ కింద అన్నీ బాగుంటాయి, ఒక్కసారి బయట ఎండలోకి తెచ్చి చూస్తానని అడగండి, మొహం చిట్లించినా ఇస్తారు.

50 మెగాపిక్సెల్ గురించి. ఈ ఫోన్లలో తరచూ వాడే ఒక సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.64 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు, మన తల వెంట్రుక అడ్డంగా పెడితే దాని వెడల్పులో వంద పిక్సెళ్ళు పడతాయి. ఎర్రటి కాంతి తరంగం పొడవే దాదాపు 0.65 మైక్రాన్లు, అంటే పిక్సెల్‌ని కాంతి తరంగమంత చేసేశారన్నమాట, ఇది నిజంగా ఇంజనీరింగ్ అద్భుతమే. కానీ కాంతి అనేది ధార కాదు, వాన చినుకుల్లాంటిది, ఆరుబయట గ్లాసులు పెడితే ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ పడతాయి. సగటున 100 చినుకులు పడాల్సిన గ్లాసులో పది అటూ ఇటూ అవుతాయి, అంటే పది శాతం తేడా, అదే నాలుగు గ్లాసులు కలిపి 400 చినుకులు లెక్కేస్తే ఇరవై అటూ ఇటూ, ఐదు శాతమే. అందుకే ఫోన్ నాలుగేసి పిక్సెల్స్ కలిపి ఒకటి చేసి 12.5 మెగాపిక్సెల్ ఫోటోనే ఇస్తుంది, 50 అన్నది మనం ప్రత్యేకంగా ఆ మోడ్ పెడితేనే. పగలు తీసిన ఫోటోలు బ్రహ్మాండంగా వస్తాయి, రాత్రి పెళ్ళి పందిట్లో మాత్రం ఎన్ని గ్లాసులు కలిపినా వానే లేదు, మొహాలు మైనం బొమ్మల్లా నునుపుగా వస్తాయి, అది చినుకుల తేడా వల్ల ఫోటోలో పడే మచ్చల్ని సాఫ్ట్‌వేర్ రుద్దేయడం వల్ల. పక్కనే ఇచ్చే 2 మెగాపిక్సెల్ మ్యాక్రో, డెప్త్ కెమెరాలు ఉత్సవ విగ్రహాలు, వాటి గురించి ఇంత రాయడమే ఎక్కువ.

పెట్టె మీద అస్సలు రాయనివి సెన్సర్లు. కాల్ మాట్లాడేటప్పుడు ఫోన్ చెవికి ఆనిస్తే స్క్రీన్ ఆరిపోవాలి, దానికి ప్రాక్సిమిటీ సెన్సర్ కావాలి, కొన్ని చవక ఫోన్లలో అది తీసేసి కదలికల్ని బట్టి సాఫ్ట్‌వేర్‌తో అంచనా వేయిస్తారు. ఫలితం ఏంటంటే నాన్న మా పెద్దత్తతో మాట్లాడుతుంటే చెంప తగిలి మ్యూట్ పడేది, ఆవిడ అటు నుంచి "ఏరా తమ్ముడూ, ఉన్నావా లేదా" అని అరిచేది, ఇద్దరికీ ఇదొక పెద్ద గొడవ. అలాగే దిక్సూచి సెన్సర్ లేకపోతే మ్యాప్స్‌లో నీలం చుక్క ఉంటుంది గానీ మనం ఎటు తిరిగి నిలబడ్డామో చెప్పదు, నాలుగడుగులు వేసి తప్పు దారి అని తెలుసుకోవాలి. ఫోన్ ఎంత తిరిగిందో కొలిచే గైరోస్కోప్ లేకపోతే వీడియో ఊగిపోతుంది. షాపులో డెమో ఫోన్ తీసుకుని మ్యాప్స్ తెరిచి కాస్త గుండ్రంగా తిరగండి, ఒక కాల్ చేసి స్క్రీన్ పైభాగాన్ని చేత్తో మూయండి, ఈ రెండిటికీ రెండు నిమిషాలు పట్టదు.

5జీలో ఇంకో మెలిక ఉంది. జియోది పూర్తిగా విడిగా నడిచే ఎస్ఏ పద్ధతి, ఎయిర్‌టెల్ మొదలుపెట్టింది 4జీ మీద ఆనుకుని నడిచే ఎన్ఎస్ఏ పద్ధతి. 2024లో స్నాప్‌డ్రాగన్ 4ఎస్ జెన్ 2 చిప్‌తో వచ్చిన రెడ్‌మీ ఏ4 5జీ ఎస్ఏ మాత్రమే పట్టుకుంటుంది, అంటే ఎయిర్‌టెల్ సిమ్ వేస్తే ఎన్ఎస్ఏ ఉన్నచోట అది 4జీ ఫోనే. బ్యాండ్లు, అంటే ఫోన్ ఏ రేడియో తరంగాల్ని పట్టుకోగలదో, అవి కూడా చూడాలి, 2022 స్పెక్ట్రమ్ వేలంలో 700 మెగాహెర్ట్జ్ కొన్నది జియో ఒక్కటే, పొడవైన తరంగాలు కాబట్టి దూరం పోతాయి, గోడలు దాటతాయి, ఊళ్ళో జియో వాడేవాళ్ళు ఆ 700కి పేరైన ఎన్28 అనే బ్యాండ్ ఉందో లేదో చూసుకోవాలి. బ్యాటరీ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, ఈ ఫోన్ల అసలు బలం అదే, 5000 ఎంఏహెచ్, తక్కువ పిక్సెల్స్, మామూలు చిప్, కాబట్టి రెండు రోజులొస్తుంది. ఛార్జర్ 10 వాట్లదైతే రాత్రి పెట్టి పడుకోవడమే.

ఈసారి నాన్నకి పన్నెండు వేలలో తీసుకున్నా, యూఎఫ్‌ఎస్ స్టోరేజ్, అసలైన 6 జీబీ ర్యామ్, ప్రాక్సిమిటీ సెన్సర్ నిజంగా ఉన్నది, కెమెరా ఎలా ఉన్నా పర్లేదనుకున్నా, షాపతను 108 మెగాపిక్సెల్ ఉన్న ఇంకోటి చూపిస్తుంటే వద్దని ఎండలోకెళ్ళి ఇదే చూసుకున్నా. ఇచ్చి మూడు వారాలైంది, ఫోన్‌పే తెరవగానే వస్తోందట, పెద్దత్తతో గొడవ కూడా ఆగింది. నిన్న ఫోన్ చేస్తే ఎలా ఉంది నాన్నా అని అడిగా. "బానే ఉంది గానీ రాత్రి మోటారు వేయడానికి పొలం పోతే టార్చి లైటు పాతదాని అంత లేదురా" అన్నాడు. అదొక్కటీ చూళ్ళేదు.