సోన్‌పాపిడి డబ్బాలో తొమ్మిది మాత్రలు

మలక్‌పేటలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్తే, సోన్‌పాపిడి డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. మూత తీస్తే అన్నీ మందులే. షాపువాళ్ళు కత్తెరతో కోసిచ్చిన స్ట్రిప్పులు, సగం పేర్లు ఎగిరిపోయాయి. తొమ్మిది రకాలు తేలాయి. "ఇన్ని మింగినాక అన్నం ఎక్కడ పడుతుందిరా?" అంది.

ఆమెకు 74 ఏళ్ళు, బీపీ, షుగర్. దిష్టికని కాలికి కట్టుకున్న నల్లదారం వాపులో దిగబడి గాడి పడింది. పక్కన వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. అదృష్టంకొద్దీ పాత చీటీలన్నీ దాచింది. తేదీల వారీగా పరుపు మీద పేర్చాను.

మొదట బీపీకి ఆమ్లోడిపిన్. మంచి మందు, చవక, దాన్ని తిట్టను. అది చిన్న ధమనుల గోడ కండరంలో ఎల్-టైప్ కాల్షియం ద్వారాలను అడ్డుకుంటుంది. కాల్షియం లోపలికి రాకపోతే కండరం బిగుసుకోదు, ధమని వదులవుతుంది, బీపీ దిగుతుంది. చిక్కంతా అవతలి వైపు. రక్తాన్ని వెనక్కి తీసుకెళ్ళే చిన్న సిరలు అంతగా వదులు కావు. మన నాలాల సంగతే చూడండి. ఎగువన నాలా వెడల్పు చేసి దిగువన పాత ఇరుకు మోరీనే ఉంచితే, వానకు మునిగేది మధ్యలోని బస్తీ. ఒంట్లో ఆ బస్తీ పేరు కేశనాళికలు, ధమనికీ సిరకూ మధ్య ఉండే సన్నని గొట్టాలు. లోపల ఒత్తిడి పెరిగి నీరు కణజాలంలోకి ఊరుతుంది. పైగా మనం నిలబడగానే పాదాల ధమనులు వాటంతటవే కొంచెం బిగుసుకుని ఆ ఒత్తిడిని ఆపుతాయి. ఈ మందు ఆ కాపలాను కూడా మందగింపజేస్తుంది. అందుకే సాయంత్రానికి కాళ్ళు బరువెక్కుతాయి.

"ఒంటికి నీరు పట్టింది" అన్నారు అందరూ. ఇంకో డాక్టరు నీరు లాగేయడానికి ఫ్యూరోసెమైడ్ రాశారు. ఒంట్లో నీరు ఎక్కువైతే కదా లాగడానికి! బస్తీలో నీళ్ళు నిలిచాయని ఊరంతటికీ నల్లా బంద్ చేసినట్టు. ఆమ్లోడిపిన్ వాపు దీనికి పెద్దగా లొంగదు. యూరిక్ యాసిడ్ మాత్రం పెరుగుతుంది, అది కీళ్ళలో పేరుకుంటే నొప్పి. మూడో చీటీలో కాలి బొటనవేలి నొప్పి, దానికి డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర. అది మూత్రపిండాల చేత ఉప్పు పట్టి ఉంచుతుంది, బీపీ పెంచుతుంది. నాలుగో చీటీలో ఏముందో ఊహించండి. ఆమ్లోడిపిన్ 5 నుంచి 10కి! డోసు పెరిగితే వాపూ పెరుగుతుంది. గానుగెద్దు ఒక చుట్టు పూర్తి చేసింది.

ఆ నీటి మాత్రతో మాటిమాటికీ బాత్రూమ్‌కు పరుగెత్తాల్సి వస్తోందని మూత్రాశయాన్ని సడలించే ఆక్సీబ్యుటినిన్ కూడా చేరింది. దాంతో నోరు ఎండడం, మలబద్ధకం, మాట మధ్యలో తడబాటు. ఆ తడబాటును ఇంట్లో వాళ్ళు వయసు ఖాతాలో వేసేశారు. నాకు నల్లదారం మీద నమ్మకం లేదు గానీ, గాడి పడటం తప్ప అది చేసిన చెడుపేమీ లేదు.

ఒక మందు దుష్ఫలితాన్ని కొత్త జబ్బనుకుని ఇంకో మందు రాయడాన్ని 1990ల మధ్యలో పౌలా రోషన్, జెర్రీ గుర్విట్జ్ 'ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్' అన్నారు. అంతకుముందే, 1991లో, అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్ పెద్దవాళ్ళకు వీలైనంత వరకు ఇవ్వకూడని మందుల జాబితా తయారుచేశాడు. 2023లో సవరించిన ఆ జాబితాలో ఆక్సీబ్యుటినిన్ ఉంది.

పెద్దమ్మ క్రియాటినిన్ 1.0, ల్యాబ్ కాగితం మీద నార్మలే. అయితే మూత్రపిండాలు వడపోసి పారేసే ఈ వ్యర్థం పుట్టేది కండరంలో. వయసుతో కండరం తగ్గుతుంది కాబట్టి మూత్రపిండం మందగించినా అంకె అంతగా పెరగకపోవచ్చు. మూత్రపిండాల వడపోతను అంచనా వేసే కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ లెక్క వేశాను: 140లోంచి వయసు తీసేస్తే 66, బరువు 52 కిలోలతో హెచ్చించి 72తో భాగించి, స్త్రీ కాబట్టి 0.85తో గుణిస్తే నిమిషానికి 40 మిల్లీలీటర్ల చిల్లర, అంటే తక్కువే. అలాంటి మూత్రపిండాల మీద నీటి మాత్ర, నొప్పి మాత్ర కలిసి పడ్డాయి.

ఏ మాత్రా మేం సొంతంగా మానలేదు. చీటీలన్నీ ఒకే డాక్టరు ముందు పరిచాం. ఆయన ముందు నొప్పి మాత్ర తీశారు. ఆమ్లోడిపిన్ తగ్గించి, సిరలను కూడా వదులు చేసే టెల్మిసార్టాన్ అనే మరో బీపీ మందు కలిపారు. రెండు వారాలకు పొటాషియం, క్రియాటినిన్ చూపించుకోమన్నారు. తర్వాత ఒక్కొక్కటిగా మిగతావి. ఫ్యూరోసెమైడ్ ఆపి నెలైంది. డబ్బాలో ఇప్పుడు అయిదే ఉన్నాయి. వాటిలో గ్యాస్ మాత్ర ఒకటి, అది ఎందుకు మొదలైందో ఏ చీటీలోనూ దొరకలేదు.