“పడుకోబెడితే పొద్దున్నకి దిగిపోతుంది”: ఫ్రాటర్నిటీ హేజింగ్ అపోహలు, వాస్తవాలు

ఏటా ఆగస్టు వస్తే ఈ ఫోన్లు మొదలవుతాయి. “మావాడు ఏదో ఫ్రాటర్నిటీకి రష్ అవుతున్నాడటండీ. అది మన రాగింగ్ లాంటిదేగా? మేమూ పడ్డాంలెండి ఆ రోజుల్లో” అని నవ్వుతూ మొదలుపెడతారు. ఐదు నిమిషాలయ్యాక గొంతు తగ్గుతుంది. “ప్రాణం మీదకేం రాదుగా?” ఫోన్ చేసింది ఆ ప్రశ్న కోసమే. ఫ్రాటర్నిటీ అంటే ఇక్కడి కాలేజీల్లో మగపిల్లల సంఘం, సొరారిటీ ఆడపిల్లలది. అందులో చేరడానికి ప్రయత్నించడం రష్, చేరే కొత్తవాళ్లని పెట్టే బాధలు హేజింగ్.

నేను అమెరికాలో ఒక యూనివర్సిటీలో ఫ్రాటర్నిటీలు, సొరారిటీల వ్యవహారాలు చూసే ఆఫీసులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. డాక్టర్ని కాను. మా హెల్త్ సెంటర్ నర్సులతో కలిసి చాప్టర్లకి, అంటే ఆ సంఘాల స్థానిక శాఖలకి, ట్రైనింగులిస్తుంటాను.

రాగింగ్‌కీ హేజింగ్‌కీ ఒక తేడా ఉంది. మా హాస్టల్లో సీనియర్లే మా గదికొచ్చి తలుపు కొట్టేవాళ్లు. మేం లోపల గడియపెట్టుకుని, లైటు తీసేసి కూర్చునేవాళ్లం. ఇక్కడ పిల్లాడే బిడ్ (చేరమనే ఆహ్వానం) తీసుకుని, మంచి చొక్కా వేసుకుని, తనంతట తనే ఆ ఇంటి మెట్లెక్కుతాడు. అందుకే మధ్యలో లేచి రాలేడు.

అపోహ: తాగి పడిపోయాడంతే. పడుకోబెడితే పొద్దున్నకి దిగిపోతుంది.

మిగతావన్నీ మర్చిపోయినా ఫరవాలేదు, దీని దగ్గర మాత్రం ఆగండి. నాకు తెలిసిన హేజింగ్ చావుల్లో చాలావాటిలో ఈ మాట ఎవరో ఒకరు అన్నారు.

2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ యూనివర్సిటీలో తిమోతీ పియాజా అనే 19 ఏళ్ల కుర్రాడు బిడ్ తీసుకున్న రాత్రే బేస్‌మెంట్ మెట్ల మీంచి పడ్డాడు. 82 నిమిషాల్లో 18 డ్రింకులు తాగించారని ప్రాసిక్యూటర్లు చెప్పారు. ఆ ఇంట్లో కెమెరాలున్నాయి కాబట్టి తర్వాతేం జరిగిందో లోకానికి తెలిసింది. సోఫాలో పడుకోబెట్టారు. వెల్లకిలా దొర్లి వాంతితో ఊపిరాడక పోతాడేమోనని పుస్తకాలున్న బ్యాక్‌ప్యాక్ వీపుకి తగిలించారు. అంటే చచ్చిపోవచ్చని వాళ్లకి తెలుసు! బ్యాక్‌ప్యాక్ వెతికి తేవడానికి ఓపికుంది, 911 (ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు) నొక్కడానికి లేదు. దాదాపు 12 గంటల తర్వాత, మర్నాడు పొద్దున ఫోన్ చేశారు. ఫిబ్రవరి 4న చనిపోయాడు.

అదే ఏడాది సెప్టెంబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీలో మ్యాక్స్ గ్రూవర్, 18 ఏళ్లు. ప్రశ్నలడగడం, తప్పు చెబితే తాగించడం. రక్తంలో ఆల్కహాల్ 0.495 శాతం. కారు నడపడానికి చాలా రాష్ట్రాల్లో హద్దు 0.08 అని గుర్తుంచుకుంటే ఆ అంకె ఏమిటో అర్థమవుతుంది. అతన్నీ సోఫాలోనే వదిలేశారు.

ఎందుకు దిగదో చెప్తాను. లివరు ఉరామరిగా గంటకి ఒక డ్రింకు మాత్రమే ఖర్చు చేస్తుంది. పిల్లాడు గంటలో పది పోసుకుంటే మిగతావి కడుపులో క్యూలో ఉంటాయి. ఆఖరి గుక్క మింగి పడిపోయాక కూడా అవి రక్తంలోకి ఎక్కుతూనే ఉంటాయి. అంటే పన్నెండింటికి పడుకోబెట్టినవాడు ఒంటిగంటకి ఇంకా ఎక్కువ మత్తులో ఉండొచ్చు. ఆ మత్తు ముదిరితే వాంతిని గొంతులో ఆపే శక్తి పోతుంది, ఊపిరి మందగిస్తుంది. కాఫీ, చన్నీళ్ల స్నానం, నిమ్మరసం, ఇవేవీ లివరుని తొందరపెట్టలేవు.

మజ్జిగ సంగతి విడిగా చెప్పాలి. కొన్నేళ్ల కిందట అక్టోబరులో, రాత్రి ఒకటిన్నరకి, వేరే రాష్ట్రం నుంచి ఒక తెలుగావిడ ఫోన్. వాళ్లబ్బాయి రూమ్మేట్‌ని బిగ్-లిటిల్ నైట్ అయ్యాక ఎవరో గది దాకా మోసుకొచ్చి వదిలేసి వెళ్లారు. బిగ్-లిటిల్ అంటే కొత్తవాడికి ఒక ‘అన్నయ్య’ని ఇచ్చే రాత్రి. చాలాచోట్ల ఆ అన్నయ్య ఒక ఫుల్ బాటిల్ చేతిలో పెట్టి ఖాళీ చెయ్యమంటాడు. ఈ అబ్బాయి భయపడి అమ్మకి చేశాడు. ఆవిడ ఉప్పేసి మజ్జిగ పట్టించమంది. “తాగట్లేదమ్మా, మూతి పక్కనుంచి కారిపోతోంది” అన్నాడట. అప్పుడు నాకు చేసింది.

నేను చేసిన పొరపాటు కూడా చెప్పేస్తాను. అబ్బాయిని లైన్లోకి తీసుకుని ఊపిరి లెక్కపెట్టమన్నాను. మా వంటింటి గడియారం ముల్లు చూస్తూ నిలబడ్డాను, వాడు అవతల నుంచి అంకెలు చెప్తున్నాడు. నిమిషానికి ఏడు. ఆ నిమిషం వృథా. లేపితే లేవలేదన్న ముక్క వినగానే 911 చెయ్యమనాల్సింది. ఇప్పుడు అలాగే చెప్తున్నాను. గిల్లినా, అరిచినా లేవకపోతే, ఒళ్లు చల్లగా చెమటపట్టి పాలిపోయినా నీలంగా మారినా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లకి మించి ఆగుతున్నా, మత్తులోనే వాంతి చేసుకుంటున్నా 911 చెయ్యాలి. వీటిలో ఒక్కటి చాలు, అన్నీ కలిసొచ్చేదాకా చూడక్కర్లేదు. అంబులెన్స్ వచ్చేలోపు పక్కకి తిప్పి, దగ్గరే కూర్చోవాలి. స్పృహలో లేనివాడి నోట్లో ఏదీ పొయ్యకండి. మజ్జిగైనా సరే, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆ పిల్లాడు బతికాడు. రెండు రోజులు ఐసీయూలో ఉన్నాడు.

మరి పిల్లలు 911 ఎందుకు చెయ్యరు? 21 నిండకుండా తాగారు కదా, పోలీసులొస్తారని. చాప్టర్ మూసేస్తారని. అంబులెన్స్ బిల్లు నాన్న ఇన్సూరెన్స్‌కి వెళ్తే తెలిసిపోతుందని. మన ఎఫ్-1 పిల్లలకైతే వీసా భయం. ఆ భయాన్ని వెక్కిరించను. కానీ చాలా రాష్ట్రాల్లో, చాలా యూనివర్సిటీల్లో మెడికల్ ఆమ్నెస్టీ ఉంది: పేరు చెప్పి, అక్కడే ఉండి, వచ్చినవాళ్లకి సహకరిస్తే మైనర్ డ్రింకింగ్ కేసు పెట్టరు. పెన్సిల్వేనియా 2018లో పియాజా పేరుతో చేసిన చట్టంలోనూ సాయం కోసం పిలిచినవాళ్లకి రక్షణ ఉంది. షరతులు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. క్లాసులు మొదలయ్యే ముందే పిల్లలతో కూర్చుని మీ యూనివర్సిటీ రూలు చదవండి, పదినిమిషాల పని. 911 చేసినందుకు వీసా పోగొట్టుకున్న పిల్లని నా పదకొండేళ్లలో చూడలేదు. చెయ్యనందుకు కోర్టు మెట్లెక్కినవాళ్లని చూశాను.

అపోహ: వాడే ఇష్టపడి చేశాడు, బలవంతమేం లేదు.

ఫ్లోరిడా, టెక్సాస్ లాంటి చోట్ల బాధితుడి ఒప్పుదల సాకుగా చెల్లదని చట్టంలోనే రాసుంది. 2024 డిసెంబరు 23న వచ్చిన ఫెడరల్ చట్టం కూడా హేజింగ్‌ని నిర్వచిస్తూ ఇష్టంతో చేశాడా లేదా అన్నది లెక్కలోకి రాదంది. పైగా పిల్లలకే తెలియదు. 2008లో మెయిన్ యూనివర్సిటీ పరిశోధకులు దేశమంతా చేసిన సర్వేలో, హేజింగ్‌కి గురైన ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది “నాకు హేజింగ్ జరగలేదు” అన్నారు.

అపోహ: దేశీ ఫ్రాటర్నిటీలు, ఏషియన్ ఫ్రాటర్నిటీలు అయితే మనవాళ్లే, భయం లేదు.

2013 డిసెంబరులో న్యూయార్క్ బరూక్ కాలేజీ విద్యార్థి మైకేల్ డెంగ్‌ని పొకోనో కొండల్లో కళ్లకి గంతలు కట్టి, బరువున్న సంచి తగిలించి, ఒకరి తర్వాత ఒకరు గుద్ది పడేశారు. అది ఏషియన్ అమెరికన్ ఫ్రాటర్నిటీయే. అక్కడా స్పృహ తప్పినవాడి బట్టలు మార్చారు, లక్షణాలు ఇంటర్నెట్‌లో వెతికారు, తర్వాతెప్పుడో కార్లో వేసుకుని ఆస్పత్రికి వెళ్లారు. మళ్లీ అదే కథ.

సొరారిటీల్లో ఉండదనీ, తాగని పిల్లలకి ఫరవాలేదనీ అంటారు. నిద్ర లేకుండా చెయ్యడం, తిండి ఆపడం, ఒంటి మీద లోపాలకి మార్కర్‌తో సున్నాలు చుట్టడం, వీటికి మందు అక్కర్లేదు.

ఇంకొకటి: “ఏ చాప్టర్ ఎలాంటిదో మనకెలా తెలుస్తుంది?” అంటారు. ఇప్పుడు తెలుస్తుంది. ఆ ఫెడరల్ చట్టం ప్రకారం తేలిన హేజింగ్ కేసులన్నీ యూనివర్సిటీ తన వెబ్‌సైట్‌లో చాప్టర్ పేరుతో సహా పెట్టాలి. ‘హేజింగ్ ట్రాన్స్‌పరెన్సీ రిపోర్ట్’ అని వెతకండి. పక్కింటివాళ్ల అబ్బాయిని అడగడం కన్నా నయం.

మజ్జిగ ఆవిడ చిన్నకొడుకు ఈ ఏడాదే కాలేజీకెళ్లాడు. మొన్న ఆవిడే చాప్టర్ పేరు చెబితే ఇద్దరం ఫోన్లోనే ఆ రిపోర్టు తెరిచాం. ఒక కేసుంది. వాడికి చెబితే, “ఆ బ్యాచ్ వేరమ్మా, వీళ్లు మంచోళ్లు” అన్నాడట. ఆ రాత్రి ఊపిరి లెక్కపెట్టిన వాళ్ల పెద్దబ్బాయి అయితే ఏమీ అనకుండా, ఊపిరి ఎలా లెక్కపెట్టాలో, ఎప్పుడు లెక్కపెట్టకూడదో ఒక మెసేజ్ రాసి తమ్ముడికి పంపాడు.