బడి, ఇల్లు, స్టాఫ్‌రూమ్: టీచర్ల చుట్టూ ఉన్న కొన్ని అపోహలు, వాస్తవాలు

పందొమ్మిదేళ్లుగా ప్రభుత్వ బడుల్లో లెక్కలు చెబుతున్నాను. మొదట నగరి వైపు, తర్వాత చిత్తూరు దగ్గర ఒక పల్లెలో, ఇప్పుడు తిరుపతిలో. కొత్తగా చేరిన టీచర్లు పాఠం ఎలా చెప్పాలని నన్ను పెద్దగా అడగరు. తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలి, తోటి టీచర్లతో, హెచ్.ఎం. (హెడ్‌మాస్టరు)తో ఎలా మెలగాలి అనే అడుగుతారు. వాళ్ల నోట మళ్లీ మళ్లీ వినే అపోహలివి.

అపోహ: గవర్నమెంటు బడి పిల్లల తల్లిదండ్రులకు చదువు పట్టదు. పిలిచినా మీటింగుకు రారు.

వాస్తవం: రాలేకపోవడం వేరు, పట్టకపోవడం వేరు. నగరిలో మరమగ్గం ఆగితే ఆ పూట కూలి పోతుంది. చిత్తూరు చుట్టుపక్కల బడి తెరిచే జూన్‌లోనే తోతాపురి మామిడి కోతలు. తల్లులు తోటల్లోనో, గుజ్జు ఫ్యాక్టరీల్లోనో ఉంటారు. తిరుపతిలో నేను ఒకసారి తెలియక పెరటాసి శనివారం (తమిళుల పెరటాసి నెలలో తిరుమలకు జనం బాగా వచ్చే రోజు) మీటింగు పెట్టాను. కొండ మీద అంగడి నడిపేవాళ్లు, జీపు తోలేవాళ్లు ఆ రోజు ఎలా వస్తారు? నలభై మందికి ఆరుగురు వచ్చారు. చాలా బాధపడ్డాను, వాళ్ల మీద కోపం కూడా వచ్చింది. మరుసటి వారం పిల్లలతోనే రాయించాను: ఇంట్లో ఎవరు ఏ వేళకు ఉంటారు, ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది అని. ఎక్కువ మంది రాసింది రాత్రి ఏడున్నర తర్వాత అనే. అప్పటి నుంచి రోజుకు ఇద్దరికి ఫోన్ చేస్తున్నాను. ఒక్కొక్కరితో మూడు నిమిషాలు, అంతే.

మొదటి ఫోన్ మాత్రం మంచి మాట చెప్పడానికే చేయాలి. ఇది నేను గట్టిగా నమ్మే సంగతి. హోటల్లో పనిచేసే ఒక తల్లి ఫోన్ ఎత్తగానే “ఏం చేసినాడు సార్ మావోడు?” అంది, భయంగా. బడి నుంచి ఫోన్ వచ్చిందంటే పిల్లోడు ఏదో తప్పు చేశాడనే ఆమెకు అలవాటు. “ఏం చేయలేదమ్మా, ఈరోజు భిన్నాల కూడిక వాడే చేసి పక్కవాడికి కూడా చెప్పాడు” అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత “ఇది చెప్పేదానికే చేసినారా సార్?” అంది. రెండు నెలల తర్వాత వాడు ఇంట్లో బయల్దేరి బడికి రాకుండా తిరుగుతున్నాడని అనుమానం వస్తే, ముందు ఫోన్ చేసింది ఆమే.

ఇది టీచర్ ఇష్టాన్ని బట్టి ఉండే విషయం కూడా కాదు. పిల్లల హాజరు, నేర్చుకునే తీరు, ప్రగతి గురించి తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా మాట్లాడటం టీచర్ విధి అని 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లోనే ఉంది. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ లాంటివి మంచివే. అయితే ఎప్పుడో ఒక రోజు జరిగే పండగతో పరిచయం అవుతుంది గానీ నమ్మకం కుదరదు.

అపోహ: “కళ్లు రెండూ వదిలేసి తోలు ఒలిచేయండి సార్” అంటే తల్లిదండ్రులు మనకు పూర్తి అధికారం ఇచ్చినట్టే.

వాస్తవం: ఆ మాటలో నమ్మకం ఉంది, అధికారం లేదు. పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు నొప్పించి వేధించడాన్నీ అదే చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. నేను ఇలా జవాబు చెబుతాను: “కొట్టను గానీ, నువ్వొక పని చేయి నాయనా. రాత్రి వాడి నోటుబుక్కు తెరిపించి ఈరోజు తేదీ ఉందో లేదో చూడు.” చదువు రాని తండ్రి కూడా సెల్‌ఫోన్లో నంబరు నొక్కుతాడు, అంకెలు తెలుసు. తండ్రి చూస్తాడని తెలిస్తే పిల్లోడు తేదీ వేస్తాడు. తేదీ కింద లెక్క కూడా వస్తుంది.

అపోహ: పేరెంట్స్ కమిటీ సంతకాలకే.

వాస్తవం: కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం, నిధుల ఖర్చు చూడటం వాళ్ల పని. మా బడిలో ఆడపిల్లల మరుగుదొడ్లో కొళాయి పాడైందని అందరికంటే ముందు అడిగింది కమిటీలో ఉన్న ఒక అమ్మే.

అపోహ: నా క్లాసు నేను చెప్పుకుంటే చాలు, స్టాఫ్‌రూములో ఎవరితో ఏం పని?

వాస్తవం: ఏడో తరగతిలో ఒకడు కూడికలు, తీసివేతలు చకచకా చేసేవాడు. మాటల్లో ఇచ్చిన లెక్క వస్తే తెల్లకాగితం ఇచ్చేవాడు. అశ్రద్ధ అనుకొని ఏడాదంతా మందలించాను. భోజనాల దగ్గర తెలుగు మేడమ్ అన్నారు, “వాడికి రెండు లైన్లు కూడబలుక్కోవడమే కష్టం సార్, లెక్కలో ఏముందో వాడికి ఎట్లా తెలుస్తుంది?” అని. ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లోడు. ఆ మాట జూన్‌లో విని ఉంటే వాడికి ఒక ఏడాది మిగిలేది. ఇప్పుడు ప్రతి శుక్రవారం పది నిమిషాలు ముగ్గురం కూర్చుని, ఐదుగురు పిల్లల గురించి మాత్రమే మాట్లాడుకుంటాం. తోటి టీచర్ గురించి తల్లిదండ్రుల ముందు తక్కువ చేసి మాట్లాడకూడదు. తేడా ఉంటే వెళ్లి ఆయనతోనే చెప్పాలి.

అపోహ: హెచ్.ఎం.కు, ఎం.ఈ.ఓ. (మండల విద్యాధికారి)కు ఎంత దూరంగా ఉంటే అంత క్షేమం.

వాస్తవం: సమస్య వాళ్లకు మన నోటి నుంచే ముందు తెలియాలి. అడిగేది ఏదైనా కాగితం మీద, తేదీతో అడగాలి. ఒకసారి ఆటలో ఒక పాపకు మోచేయి గీసుకుపోయింది. ఆ సాయంత్రమే తల్లికి ఫోన్ చేశాను గానీ దొరకలేదు. ఏం జరిగిందో రాసి హెచ్.ఎం.కు ఇచ్చి ఇంటికి వెళ్లాను. పొద్దున్నే ఆమె కోపంగా నేరుగా ఆఫీసు గదికి వచ్చింది. “కూర్చోమ్మా, సార్ నిన్ననే చెప్పినారు, నీకు ఫోన్ కూడా చేసినారంట” అన్నారు హెచ్.ఎం. నేను లోపలికి వెళ్లేసరికి ఆ తల్లి మంచినీళ్లు తాగుతోంది.