ఏడు ప్రపంచ టైటిళ్ల తర్వాత బల్ల మార్చిన ఆలిసన్ ఫిషర్

మహిళల స్నూకర్‌లో ఏడుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన ఇంగ్లండ్ క్రీడాకారిణి ఆలిసన్ ఫిషర్, 1995లో తన 27వ ఏట ఆ ఆటను వదిలి అమెరికా వెళ్లి, స్నూకర్‌లాగే బల్ల మీద బంతులను కర్రతో కొట్టి పాకెట్లలో (బల్ల అంచుల్లోని గుంతల్లో) వేసే పూల్‌లో వృత్తి క్రీడాకారిణిగా ఎందుకు మారారన్నది తెలియాలంటే, అంతకుముందు పదేళ్ల సంగతి చూడాలి.

ఆమె తొలి ప్రపంచ టైటిల్ 1985లో, 17 ఏళ్ల వయసులో వచ్చింది, ఏడోది 1994లో. అయితే మహిళల పోటీలు తక్కువ, బహుమతి సొమ్ము అంతకన్నా తక్కువ. 1990ల ఆరంభంలో వృత్తి స్నూకర్ తలుపులు రుసుము కట్టిన వారందరికీ తెరుచుకున్నప్పుడు ఆమె పురుషులతో కలిసి ఆ పోటీల్లోనూ ఆడారు గానీ, అగ్రశ్రేణి దాకా చేరలేదు. గెలవడం తెలిసిన మనిషికి గెలుపుతో బతుకు గడిచే వేదిక స్వదేశంలో లేకపోవడమే అసలు చిక్కు. అమెరికాలో మాత్రం మహిళలకు సొంత వృత్తి పూల్ సంఘం, టీవీలో ప్రసారమయ్యే పోటీలు అప్పటికే ఉన్నాయి.

ఆట మారడం పైకి కనిపించినంత తేలిక కాదు. స్నూకర్ బల్ల 12 అడుగులు, బంతి 52.5 మిల్లీమీటర్లు; పూల్ బల్ల 9 అడుగులు, బంతి 57.15 మిల్లీమీటర్లు. తేడా మొదటి షాట్‌లోనే తెలుస్తుంది. స్నూకర్‌లో ఎర్ర బంతుల గుంపు అంచును తాకీ తాకనట్టు తాకి, తెల్ల బంతిని బయల్దేరిన వైపుకే రప్పించుకుంటారు. పూల్‌లో ఒక రకమైన నైన్ బాల్‌లో ఒంట్లోని బలమంతా పెట్టి తొమ్మిది బంతులనూ చెదరగొట్టాలి, ఒక్కటీ పాకెట్‌లో పడకపోతే వంతు ప్రత్యర్థికి పోతుంది. బ్రేక్ అనే ఈ తొలి షాట్‌ను కొత్తగా నేర్చుకోవలసిందే. కానీ గడ్డానికి క్యూ (ఆట కర్ర) ఆనించి, గీత గీసినట్టు నేరుగా కొట్టే స్నూకర్ అలవాటు పూల్‌లో వరమైంది: పాకెట్ మూతి గుండ్రంగా ఉండి, అంచు తగిలిన బంతిని బయటికి నెట్టేసే బల్ల మీద చేయి కుదిరిన వారికి, వెడల్పైన పూల్ పాకెట్ పెద్ద పరీక్ష కాదు.

ఫలితం ఆలస్యం కాలేదు. అక్కడ ఆడిన రెండో పోటీలోనే ఆమె గెలిచారు. 1996, 1997, 1998 సంవత్సరాల్లో వరుసగా, తిరిగి 2001లో ప్రపంచ నైన్ బాల్ టైటిల్ అందుకున్నారు. అమెరికన్లు ‘డచెస్ ఆఫ్ డూమ్’ (వినాశపు దొరసాని) అని పేరు పెట్టారు. ఎదుటివారి మీద జాలిపడి పెట్టిన పేరు లెండి. 2009లో అక్కడి బిలియర్డ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు చోటు దక్కింది.

తర్వాత మహిళల స్నూకర్ మరో ఇద్దరు విజేతలను ఇలాగే పోగొట్టుకుంది. మూడుసార్లు ప్రపంచ విజేత అయిన కారెన్ కోర్ అమెరికా బాట పట్టారు. 2003లో వృత్తి స్నూకర్ సంఘం మహిళల పోటీలకు అండ ఉపసంహరించుకున్నాక, ఐదు టైటిళ్ల కెల్లీ ఫిషర్ కూడా పూల్‌కే వెళ్లారు. ఇంటిపేరు ఒకటే అయినా ఆలిసన్‌కు ఆమె బంధువు కారు.