వల ఖాళీగా వచ్చిన చోటూ లెక్కలోనిదే

చిరంజీవులకు ఆశీస్సులు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తూర్పు తీరంలో వేట నిషేధం కనుక, మరపడవలన్నీ రేవులో వరుసగా కట్టేసి ఉన్న ఈ రోజుల్లో మీకు ఆ సందేహం రావడం సహజమే. "సముద్రంలో చేపలు తగ్గిపోతున్నాయని పేపర్లో రాశారు. నీళ్లలో తిరిగే చేపలను ఎవరు లెక్కపెట్టారు తాతయ్యా?" అని అడిగారు. ఒక్కొక్కటిగా ఎవరూ లెక్కపెట్టలేదు, అయినా లెక్క ఉంది. అది ఎలా వస్తుందో తెలియాలంటే మీరు ముందు నాతో వరిచేలోకి రావాలి.

నా చిన్నతనంలో కోతల ముందు మా ఊరికి పంట కోత ప్రయోగం చేయడానికి ఒక ఉద్యోగి వచ్చేవారు. ఊరి దిగుబడి తెలుసుకోవడానికి ఊరంతా కోసి తూచనక్కరలేదు. ఎంపికైన మడిలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల ముక్కను కొలిచి, నాలుగు మూలలా మేకులు పాతి, తాడు కట్టి, ఆ తాడు లోపలి పైరును మాత్రమే కోసి నూర్చి, గింజలు తూచి, అటువంటి ముక్కలు కొన్నింటిని బట్టి ఎకరానికి ఎంతో, మొత్తానికి ఎంతో లెక్క కట్టేవారు. ఒక ఏడాది మా చేను వంతు వచ్చింది. మా నాన్నగారు కంకులు బరువుగా వంగిన పడమటి వైపు చూపించారు. ఆ ఉద్యోగి మాత్రం, ఎవరి ఇష్టంతోనూ పని లేకుండా చోటును తేల్చే తన అంకెల పట్టిక చూసుకుని, గట్టు మీద నుంచి కొలుచుకుంటూ వెళ్లి, చౌడు తేలి పైరు పలచబడ్డ చోట మేకు దిగేశారు. నాన్నగారి ముఖం చిన్నబోయింది. "పండిన చోటే కోస్తే పండిన చోటి లెక్క వస్తుంది గాని, చేను లెక్క రాదండీ" అన్నారాయన. తాడు చివర పట్టుకుని నిలబడ్డ నాకు ఆ మాట అప్పుడు అర్థం కాలేదు గాని, మనసులో మాత్రం ఉండిపోయింది.

సముద్రం కూడా అటువంటి చేనే అనుకోండి. సర్వే చేసేవారు దాని పటాన్ని లోతును బట్టి పట్టీలుగా విడదీసి, ఒక్కో పట్టీలో వల వేయవలసిన చోట్లను ముందుగానే నిర్ణయించుకుంటారు. ఓడ అక్కడికి వెళ్లి, ట్రాల్ వలను అడుగు దాకా దించి, గంటకు 3 నాటికల్ మైళ్ల వేగంతో అరగంట లాగిందనుకుందాం. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు కనుక, వల 2,778 మీటర్ల దూరం ఊడ్చినట్టు. వల నోరు 20 మీటర్ల వెడల్పున తెరుచుకుని ఉంటే, ఆ ఊడ్చిన నేల ఇంచుమించు 14 ఎకరాలు. అదే మన తాడు కట్టిన ముక్క. వల తాళ్లను చుట్టే యంత్రమైన వించి తిరిగి, వల పైకి రాగానే సంచిని డెక్కు మీద విప్పి, గులివిందలు, కానగంతలు, టేకులు, పీతలు, రొయ్యలు అని జాతులవారీగా ఏరి, తూచి, కొన్నింటి పొడవు కొలిచి, పొట్ట కోసి గుడ్లు ఏ దశలో ఉన్నాయో చూసి రాస్తారు. వేటగాడు పారేసే పిల్ల చేప కూడా ఇక్కడ విలువైనదే, ఎందుకంటే వచ్చే ఏళ్ల సంగతి చెప్పేది అదే. అందుకే సర్వే వల సంచికి సన్న కన్నులు ఉంటాయి.

అయితే వరి నిలబడి ఉంటుంది, చేప పారిపోతుంది. వల నోటి ముందు నుంచి తప్పుకునేవి ఉంటాయి, వల లాగడానికి వీలులేని రాళ్ల మధ్య ఉండేవి ఉంటాయి, నెత్తళ్ల వంటివి చాలావరకు అడుగున కాక మధ్య నీళ్లలోనే తిరుగుతాయి. కనుక ఒక్క ఏడాది లెక్కను చూసి సముద్రంలో ఇన్ని చేపలున్నాయని తేల్చి చెప్పడం కష్టం. కాని అదే వలను, అదే వేగంతో, అదే కాలంలో, ఏటేటా లాగితే, తప్పించుకునేవి ప్రతిసారీ ఇంచుమించు అదే పాళ్లలో తప్పించుకుంటాయి కనుక, పెరిగాయో తరిగాయో తెలుస్తుంది. ఈ నియమాన్ని ఎంత నిష్ఠగా పాటిస్తారో వింటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అమెరికా ఈశాన్య తీరంలో 1963 నుంచి శరత్కాలంలో ఈ సర్వే సాగుతోంది. పాత ఓడ ఆల్బట్రాస్ 4 స్థానంలో బిగెలో అనే కొత్త ఓడ రావలసి వచ్చినప్పుడు, 2008లో రెండు ఓడలనూ పక్కపక్కనే నడిపి, ఒకేచోట రెండు వలలూ లాగి, కొత్త వల పాత వలకంటే ఎంత ఎక్కువ పడుతుందో తేల్చుకున్నాకే లెక్కను కొనసాగించారు.

వేట పడవలు రోజూ వెళుతున్నాయి కదా, వాటి పట్టుబడి చాలదా అంటారేమో. కెనడాలోని న్యూఫౌండ్లాండ్ తీరంలో కాడ్ చేప విషయంలో వేట ఓడల పట్టుబడి మీద ఎక్కువ భరోసా పెట్టుకున్నారు. వేటగాడు చేపలున్న చోటికే వెళతాడు, అది అతని బతుకు. మిగిలిన చేపలు కొన్ని చోట్ల గుంపు కట్టగా, ఓడలు అక్కడికే వెళ్లి వలలు నింపుకున్నాయి. చుట్టూ సముద్రం ఖాళీ అవుతున్న సంగతి ఆ పట్టుబడిలో కనబడలేదు. 1992 జూలైలో ఆ వేటనే ఆపివేయవలసి వచ్చింది, సుమారు 30 వేల మంది పని పోయింది. సర్వే ఓడ చౌడు ముక్కలోనూ వల వేస్తుంది. ఏమీ పడకపోతే సున్నా అని రాసి, ఆ కాగితాన్నీ నిండు వల కాగితంతో సమానంగా దాచిపెడుతుంది.

మన దేశంలో ఈ పని 1946లో బొంబాయిలో చిన్న కేంద్రంగా మొదలైంది. అదే ఇప్పటి ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా. దాని స్థావరం ఒకటి విశాఖపట్నంలో ఉంది. మత్స్య శికారి అనే ఓడ ఆ రేవు నుంచే సర్వేలకు వెళ్లేది.

చల్లని సముద్రాల చేపల తలలో ఉండే చెవిరాయి అనే చిన్న గట్టి ముక్కలో చెట్టు మాను వలయాల్లా ఏడాదికొక గీత పడుతుంది, దాన్ని చూసి వయసు చెబుతారు. మన వెచ్చని నీళ్లలో ఆ గీతలు అంత స్పష్టంగా ఉండవు కనుక పొడవు కొలతల మీద ఎక్కువ ఆధారపడతారు. అది మీరూ చేయగలరు. నిషేధం ముగిసి పడవలు తిరిగి వచ్చాక, పెద్దవారితో కలిసి తెల్లవారే చేపల రేవుకు వెళ్లండి. అమ్మే అమ్మను అడిగి గులివిందల రాశి దగ్గర కూర్చోండి. గడ్డం కింద రెండు మీసాలుంటాయి, వాటితోనే అది ఇసుకలో మేత వెతుక్కుంటుంది. పెద్దవి ఏరుకోకుండా, చేతికి వచ్చినవి వచ్చినట్టే ఓ ఇరవై తీసుకుని, మూతి నుంచి తోక చివరి దాకా స్కేలుతో కొలిచి రాసుకోండి. నెల తరువాత అదే రేవులో మళ్లీ కొలిచి, రెండు కాగితాలూ నాకు పంపించండి.

ఇట్లు,
మీ తాతయ్య