నల్లా కింద ఎవరి బిందె?

బుజ్జీ, చింటూ, ఇద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, నిన్న ఫోన్‌లో ఏడుస్తూ చెప్పావు కదా, చార్మినార్ ప్రాజెక్ట్ కీబోర్డ్ వైపు చూస్తూ టైప్ చేస్తుంటే మధ్యలో ఏదో అప్‌డేట్ బాక్స్ వచ్చిందని, "చార్మి" వరకే పేజీలో పడి మిగతాది ఎటో పోయిందని, స్పేస్ కొట్టగానే కంప్యూటర్ రీస్టార్ట్ అయిందని. నీ తప్పేం లేదు తల్లీ. ఆ బాక్సే పిలవకుండా వచ్చి దూరింది, దాని బటన్ మీద నీ స్పేస్ పడింది.

మా చిన్నప్పుడు చిక్కడపల్లిలో మా గల్లీ మొత్తానికి ఒకటే నల్లా. తెల్లారకముందే నీళ్లొచ్చేవి, కాసేపే. ఎన్ని బిందెలు వరసలో పెట్టినా ధార ఒకటే కదా, ఏ బిందె దాని కింద ఉంటే అదే నిండుతుంది. మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని అంతా చూసుకునేది. ఇత్తడి బిందె నిండేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది, అది విని చీకట్లోనే "ఇక తియ్యండి, నిండింది" అనేది, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నీ కీబోర్డ్ ఆ ధార. విండోలు బిందెలు. నాయనమ్మ స్థానంలో ఉన్నది విండో మేనేజర్, అంటే తెర మీద విండోలన్నిటినీ చూసుకునే ప్రోగ్రామ్. ధార కింద ఉండటాన్నే ఫోకస్ అంటారు.

మామూలుగా నువ్వు క్లిక్ చేసిన విండోకే ఫోకస్. మైక్రోసాఫ్ట్ విండోస్ బదులు లైనక్స్ నడిచే నా మెషీన్‌లో ఇంకో పద్ధతి ఉంది, క్లిక్ అక్కర్లేదు, మౌస్ దేని మీదికి పోతే ధార దాని మీదికే, 1984లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పుట్టిన, తెర మీద విండోలు చూపించే ఎక్స్ విండో సిస్టమ్ వాడినవాళ్లలో చాలామందికి ఇదే అలవాటు. అందులోనే ఒక రకంలో మౌస్ ఖాళీ జాగాలోకి పోయినా ఆఖరి విండో దగ్గరే ఫోకస్ ఉండిపోతుంది, నీళ్లు నేలపాలు కానివ్వదన్నమాట. ఒక విండో మూసేస్తే చాలాసార్లు దానికి ముందు వాడిన విండోకి పోతుంది.

అసలు చిక్కు కొత్త విండో వచ్చినప్పుడు. ఒకరోజు నేను బిందె పెట్టి గోళీలాటలో పడ్డాను, పక్కింటి పిల్లాడు నాది జరిపి తనది పెట్టాడు. నాయనమ్మ వాణ్ని కొట్టలేదు, తిట్టలేదు, "వాడి బిందెలో నీళ్లు పడుతుండగా వచ్చావు కదరా, పక్కన నిలబడు, పిలుస్తా" అంది. మంచి విండో మేనేజర్ కూడా ఇలాగే టైమ్ చూస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ని నువ్వు ఎప్పుడు తెరవమన్నావు, ఆ తర్వాత ఇంకో విండోలో ఏమైనా టైప్ చేశావా? చేసుంటే కొత్తదాన్ని వెనకే ఉంచి టాస్క్‌బార్‌లో దాని గుర్తు మాత్రం మెరిపిస్తుంది. విండోస్‌లో కూడా వెనకనున్న ప్రోగ్రామ్ ముందుకొస్తానంటే చాలాసార్లు బటన్ మెరవడమే. ఒకరు పనిలో ఉంటే గుమ్మం దగ్గర ఆగి పిలవాలి, మనుషులైనా బాక్సులైనా. కానీ ఈ కాపలా అన్నిచోట్లా ఒకేలా ఉండదు, లైనక్స్‌లో వాడే కేడీఈ అనే డెస్క్‌టాప్‌లో అయితే ఎంత గట్టిగా ఉండాలో మనమే సెట్ చేసుకోవచ్చు.

ఇప్పుడు ఇద్దరూ కలిసి రెండు నోట్‌ప్యాడ్‌లు పక్కపక్కన తెరవండి. సన్నటి నిలువుగీత ఒకదాంట్లోనే మిణుకుమిణుకుమంటుంది. రెండోదాన్ని క్లిక్ చేసి, ఆ గీత ఇక్కడ మాయమై అక్కడ లేవడం చూడండి. చూశాక రాత్రికి ఫోన్ చెయ్యండి.

మీ తాతయ్య